ప్రేమ, విప్లవం కలిసిన చారిత్రక నవల: ఏది ముందు చదవాలి, ఏది తరవాత

ప్రేమనూ విప్లవాన్నీ ఒకే కథలో నడిపిన పాత నవల ఏదైనా చెప్పమని అడిగితే, చదివినవారు సాధారణంగా అయిదారు పేర్లు ఒక్క గుక్కలో చెప్పేస్తారు. డికెన్స్ ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’, హ్యూగో ‘లే మిజరబ్ల’, అదే హ్యూగో రాసిన ‘తొంభైమూడు’, అనతోల్ ఫ్రాన్స్ ‘దేవతల దాహం’, పాస్తర్నాక్ ‘డాక్టర్ జివాగో’, షోలొహోవ్ ‘అండ్ క్వయట్ ఫ్లోస్ ద డాన్’ ఆ జాబితాలో తప్పకుండా ఉంటాయి. పేర్లన్నీ ఒకే వరసలో వినిపించడం వల్ల, ఒకటి దొరక్కపోతే ఇంకొకటి తెచ్చుకున్నా సరిపోతుందనిపిస్తుంది. అయితే వీటిలో ఒకటి నాలుగు వందల పేజీల్లో పరుగెత్తి ముగిసే కథ, ఇంకొకటి పన్నెండు వందల పేజీలు దాటే మహాగ్రంథం, మరొకదానిలో స్త్రీపురుషుల ప్రేమ దాదాపు లేనే లేదు. తమకు పడని పుస్తకంతో మొదలుపెట్టి, ఎనభయ్యో పేజీ దగ్గర ఆపేసి, ‘క్లాసిక్కులు మనకు ఎక్కవు’ అనే నిర్ణయానికి వచ్చేసిన మంచి పాఠకులు నాకు తెలుసు.

నా అభిప్రాయం ముందే చెప్పడం మర్యాద. ఈ ఆరింటిలో ప్రేమా విప్లవమూ సమానంగా పండినది ఒక్కటే ఉంది. మిగిలినవాటిలో ఒకటి బలంగా ఉన్నచోట రెండోది పలచబడింది. అందువల్ల ఏది గొప్ప నవల అని వాదించుకునే ముందు, ఈ రెంటిలో ఏది పలచగా ఉన్నా ఓర్చుకోగలరో పాఠకుడు తనకు తాను తేల్చుకోవడం మంచిది. కథల ముగింపులు ఇక్కడ బయటపెట్టడం లేదు.

ఏ విప్లవం?

ముందుగా ఒక పొరపాటును సవరించుకోవాలి. ‘లే మిజరబ్ల’ 1789 నాటి ఫ్రెంచి విప్లవం గురించిన నవల అని చాలామంది అనుకుంటారు. కొన్ని పుస్తకాల అట్టల వెనక కూడా అలాగే కనిపిస్తుంది. ఆ నవల 1815లో, అంటే నెపోలియన్ పతనమైన ఏడాది, కథానాయకుడు జా వల్జా చెరనుంచి బయటికి రావడంతో ఊపందుకుంటుంది. అందులోని తిరుగుబాటు 1832 జూన్ 5, 6 తేదీల్లో, జనరల్ లమార్క్ అంత్యక్రియల నాడు పారిస్‌లో రేగి రెండు రోజుల్లో అణగిపోయినది. బాస్తీయ్ చెరసాల కోట పతనమూ, తలలు నరికే గిలొటిన్ యంత్రమూ, 1793–94లో వేలమందిని చంపించిన భయానక పాలనా కావాలనుకునేవారు ‘లే మిజరబ్ల’ తెరిస్తే అవి వారికి దొరకవు. వాటికోసం డికెన్స్ దగ్గరికో, ‘తొంభైమూడు’ దగ్గరికో, అనతోల్ ఫ్రాన్స్ దగ్గరికో వెళ్లాలి. రష్యా వైపు జివాగో కథ, డాన్ కథ రెండూ మొదటి ప్రపంచ యుద్ధాన్నీ, 1917 నాటి రష్యా విప్లవాన్నీ, ఆ తరవాతి అంతర్యుద్ధాన్నీ పట్టుకున్నవే. కాలం దాదాపు ఒకటే అయినా, ఒకటి మాస్కో చదువరి కళ్లతో, మరొకటి డాన్ తీరపు రౌతు జాతివాడైన కసాక్కు కళ్లతో చూసినవి కాబట్టి, ఒకటి చదివితే రెండోది చదివినట్టు కాదు.

డికెన్స్: వేగం కావాలంటే

‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’ను తెన్నేటి సూరి ‘రెండు మహానగరాలు’ పేరుతో తెలుగు చేశారు. ఇంగ్లీషు కొరుకుడుపడనివారికి ఇది పెద్ద వెసులుబాటు. డికెన్స్ ఈ నవలను 1859లో తన సొంత వారపత్రికలో 31 వారాలపాటు ధారావాహికగా వేశాడు. వారం వారం పాఠకుణ్ణి నిలబెట్టుకోవలసిన అవసరం ఉండడంవల్ల, అతని ఇతర నవలల్లో కనిపించే పక్కదారులు, వినోద పాత్రల గుంపులు ఇందులో బాగా తగ్గాయి. కథ 1775లో మొదలై భయానక పాలన దాకా నడుస్తుంది. చరిత్ర భాగానికి థామస్ కార్లైల్ రాసిన ఫ్రెంచి విప్లవ చరిత్ర తనకు ఆధారమని డికెన్స్ ముందుమాటలోనే ఒప్పుకున్నాడు.

ఈ నవల బలం ఎక్కడుందో తెలియాలంటే రెండు దృశ్యాలు చాలు. పారిస్ పేదలు కిక్కిరిసిన సెయింట్ ఆంత్వాన్ పేటలో, సారాయి కొట్టు ముందు ద్రాక్షసారా పీపా ఒకటి బండి మీదనుంచి పడి పగిలిపోతుంది. ఎగుడుదిగుడు రాళ్ల సందుల్లో మడుగులు కట్టిన సారాను ఆడా మగా దోసిళ్లతో, ముంతలతో, ఆఖరికి తలగుడ్డలు తడిపి పిల్లల నోళ్లలో పిండి తాగుతారు. అందులో ఒక ఆకతాయి బురదసారాలో వేలు ముంచి గోడమీద ‘రక్తం’ అని రాస్తాడు. రానున్నదంతా ఆ గోడమీద ఉంది. రెండోది డాక్టర్ మానెట్ పరిచయమయ్యే చోటు. పద్ధెనిమిదేళ్లు బాస్తీయ్‌లో ఉండి బయటపడిన ఆ మనిషి ఒక చీకటి అటక మీద కూర్చుని, తలెత్తకుండా చెప్పులు కుడుతుంటాడు. పేరేమిటని అడిగితే ‘నూట అయిదు, ఉత్తర బురుజు’ అని తన గది నంబరు చెబుతాడు. నియంతృత్వం మనిషిని ఏం చేస్తుందో చెప్పడానికి ఎంత పెద్ద ఉపన్యాసమైనా ఆ జవాబుకు సాటిరాదు.

ఇక ప్రేమకథ. మానెట్ కూతురు లూసీ అందమూ మంచితనమూ కలగలిసిన బొమ్మ; ఆమె మూర్ఛపోవడం, ఓదార్చడం తప్ప సొంతంగా తీసుకున్న నిర్ణయాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆమెను పెళ్లాడిన చార్ల్స్ డార్నే కూడా అంతే సాధువు. వీళ్లిద్దరి మధ్య ప్రేమ కోసమే ఈ పుస్తకం తెరిస్తే నిరాశ తప్పదు. అయితే దూరంనుంచి ఆమెను ప్రేమించే తాగుబోతు న్యాయవాది సిడ్నీ కార్టన్ ఉన్నాడు. తనమీద తనకే గౌరవం లేని మనిషి ప్రేమ ఎలా ఉంటుందో డికెన్స్‌కు బాగా తెలుసు. నవల గుండె అక్కడే కొట్టుకుంటుంది. విప్లవం పట్ల డికెన్స్ వైఖరి మీద కూడా ఒక మాట చెప్పాలి. దొరల దౌర్జన్యాన్ని ఎంత కసిగా చూపించాడో, తిరగబడిన గుంపును అంత భయంగానూ చూపించాడు. చావవలసినవారి పేర్లను అల్లికలో కుట్లుగా దాచుకునే మదామ్ డిఫార్జ్ మొదట రాక్షసిలాగే కనిపిస్తుంది. ఆమె పగకు కారణమేమిటో మూడో భాగంలో తెలిసిన తరవాత మాత్రం, ఆమెను అసహ్యించుకోవడం అంత సులువు కాదు.

హ్యూగో: ఒకటి సముద్రం, ఒకటి కత్తి

‘లే మిజరబ్ల’ గురించి భయపడవలసినది దాని పొడుగు గురించే. అయిదు భాగాలు, 365 అధ్యాయాలు. రోజుకొకటి చదివినా సరిగ్గా ఏడాది పడుతుంది. తెలుగువారికి ఈ కథ చాలాకాలంగా పరిచయమే. చిత్తూరు నాగయ్య నటించిన 1950 నాటి ‘బీదలపాట్లు’ దీన్నుంచి వచ్చినదే. సినిమా చూసినవారికి రొట్టె దొంగతనమూ, బిషప్పు వెండి సామానూ, వెంటాడే పోలీసు అధికారీ గుర్తుంటారు. నవలలో ఇవన్నీ ఉంటూనే వాటి చుట్టూ నెపోలియన్ ఆఖరిసారి ఓడిన వాటర్లూ యుద్ధం మీద, సన్యాసినుల మఠం మీద, దొంగల పరిభాష మీద, పారిస్ మురుగుకాలవల మీద పొడుగాటి వ్యాసాలు ఉంటాయి.

వాటిని దాటవేయవచ్చా అని చాలామంది అడుగుతారు. మొదటిసారి చదివేవారు మఠం వ్యాసాన్నీ, పరిభాష వ్యాసాన్నీ నిరభ్యంతరంగా దాటవేయవచ్చు. నార్మన్ డెన్నీ 1976 ఇంగ్లీషు అనువాదంలో ఈ రెంటినీ కథలోనుంచి తీసి అనుబంధంగా చివర పెట్టాడు కూడా. వాటర్లూ మాత్రం అలా కాదు. నేను మొట్టమొదట చదివినది ఒక సంక్షిప్త ప్రతి. అందులో యుద్ధఘట్టం మొత్తం ఎత్తేశారు. ఫలితంగా, రెండు వందల పేజీల తరవాత మారియుస్ అనే యువకుడు తెనార్దియే లాంటి నీచుణ్ణి తన తండ్రి ప్రాణదాతగా ఎందుకు భావిస్తున్నాడో నాకు బోధపడలేదు. ఆ కొలికి వాటర్లూ ఘట్టం ఆఖరి అధ్యాయంలో, రాత్రివేళ శవాల జేబులు తడిమే దొంగ దగ్గర ఉంది. యుద్ధవర్ణన అంతా వదిలేసినా ఆ ఒక్క అధ్యాయం చదవండి. సంక్షిప్త ప్రతి కొనేటప్పుడు కూడా అది ఉందో లేదో చూసుకుంటే, మిగతా కత్తిరింపులు ఎంత జాగ్రత్తగా చేశారో చాలావరకు తెలిసిపోతుంది.

ప్రేమ విషయంలో ఈ నవలది చిత్రమైన పరిస్థితి. మారియుస్, జా వల్జా పెంచుకున్న కోజెత్ పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటలో నెలల తరబడి చూపులతోనే గడిపేస్తారు. ఆ తరవాత వాళ్ల సంభాషణ వినడంకన్నా చూపులే నయమనిపిస్తుంది. వాళ్లకంటే, మారియుస్‌ను ప్రేమించి అతనికి ఇంకో అమ్మాయి ఇల్లు చూపించే ఎపొనీన్ వందరెట్లు సజీవమైన మనిషి. చినిగిన లంగా, బొంగురు గొంతు, పళ్లు ఊడిన నోరు ఉన్న ఆ పిల్లకు హ్యూగో ఇచ్చిన పేజీలు తక్కువే అయినా, పుస్తకం మూసిన తరవాత గుర్తుండేది ఆమే. తిరుగుబాటు ఘట్టం మాత్రం ఎంత పొగిడినా తక్కువే. 1832 జూన్ 5న హ్యూగో స్వయంగా పారిస్ వీధుల్లో తుపాకీ గుళ్ల మధ్య చిక్కుకున్నాడు. ముప్పై ఏళ్ల తరవాత ప్రవాసంలో ఉండి ఈ నవల ప్రకటించినా ఆ వీధి వాసన పోలేదు. విరిగిన బండ్లు, పీపాలు, రోడ్డు రాళ్లు పేర్చి కట్టిన బారికేడ్ వెనక కూర్చున్న విద్యార్థులకు, తాము ఓడిపోతామని సగం రాత్రికే తెలిసిపోతుంది. అప్పటినుంచి తెల్లవారేదాకా వాళ్లు ఏం మాట్లాడుకున్నారన్నదే అసలు నవల.

‘తొంభైమూడు’ 1874లో వచ్చింది. హ్యూగో ఆఖరి నవల. 1793లో పశ్చిమ ఫ్రాన్స్‌లోని వాందే ప్రాంతంలో రాజు పక్షాన రేగిన తిరుగుబాటు దీని వస్తువు. పాత దొర లాంతెనాక్, అతని వంశంలోనే పుట్టి గణతంత్ర సైన్యాన్ని నడిపే గొవా, గొవాకు చదువు చెప్పిన గురువూ కరడుగట్టిన విప్లవకారుడూ అయిన సిమూర్దా, ఈ ముగ్గురి చుట్టూ కథ బిగుసుకుంటుంది. ఇందులో ప్రేయసీప్రియులు లేరు. ఉన్న ప్రేమ గురువుకు శిష్యుడి మీద, తల్లికి తప్పిపోయిన ముగ్గురు పిల్లల మీద ఉన్నది. విప్లవం అనే ప్రశ్నను ఇంత సూటిగా, దయకూ న్యాయానికీ మధ్య తగవుగా నిలబెట్టిన నవల ఈ ఆరింటిలో ఇంకొకటి లేదు. మొదట్లో ఓడ మీద గొలుసు తెంచుకున్న ఫిరంగి ఒకటి మత్తెక్కిన ఏనుగులా దొర్లుతూ మనుషులను నలిపేస్తుంది. గొలుసు సరిగా కట్టని సిపాయే దిగి ప్రాణానికి తెగించి దాన్ని ఆపుతాడు. లాంతెనాక్ అతని ధైర్యానికి పతకం తగిలించి, వెంటనే అతని అశ్రద్ధకు కాల్చివేయమని ఆజ్ఞ ఇస్తాడు. ఈ ఒక్క అధ్యాయం చదివి చూస్తే పుస్తకం మీకు నప్పుతుందో లేదో తేలిపోతుంది.

అనతోల్ ఫ్రాన్స్ గురించి క్లుప్తంగా

1912 నాటి ‘దేవతల దాహం’ చిన్న పుస్తకం, చేదు పుస్తకం. ఎవరిస్త్ గామ్లా అనే నిరుపేద చిత్రకారుడు, నిజాయితీపరుడే, విప్లవ న్యాయస్థానంలో జూరీ సభ్యుడవుతాడు. అతని నిజాయితీయే అతన్ని హంతకుణ్ణి చేస్తుంది. అతని ప్రేయసి ఎలొదీ అతన్ని చూసి వణికిపోతూనే, ఆ భయంవల్లే ఇంకా ఎక్కువ కోరుకుంటుంది. రాత్రి తన ఇంటినుంచి అతన్ని పంపేటప్పుడు ఆమె చెప్పే జాగ్రత్తలు గుర్తుపెట్టుకోండి. ఎందుకో ఆఖరి పేజీలో తెలుస్తుంది. ఒక పాత్రమీద మనసు పెట్టుకుని చదివేవారికి ఇది సరిపడదు. విప్లవం గురించి ఇప్పటికే రెండు మూడు నవలలు చదివి, వాటి ఉద్రేకం మీద అనుమానం కలిగినవారికి ఇంతకన్నా మంచిది దొరకదు.

రష్యా నవలలు: అసలు పోటీ ఇక్కడ

‘డాక్టర్ జివాగో’ పుట్టుకే ఒక నవల. సోవియట్ పత్రిక ‘నోవీ మీర్’ తిరస్కరించగా, 1957లో ఇటలీలోని మిలాన్‌లో తొలిసారి అచ్చయింది. మరుసటి ఏడాది పాస్తర్నాక్‌కు నోబెల్ బహుమతి ప్రకటించారు, స్వదేశంలో వచ్చిన ఒత్తిడివల్ల ఆయన వద్దనవలసి వచ్చింది. సోవియట్ దేశంలో అది వెలుగు చూసింది 1988లో. ఈ గొడవంతా తెలిసిన పాఠకుడు విప్లవాన్ని ఎండగట్టే పుస్తకం చేతికొచ్చిందనుకుని చదవడం మొదలుపెడతాడు, కొన్నాళ్లకు విసుగెత్తి ఆపేస్తాడు. ఎందుకంటే జివాగో వాదించడు, చూస్తాడు. సోవియట్ అధికారం ఏర్పడిందన్న వార్త అతనికి ఎలా తెలుస్తుందో చూడండి. మంచు తుఫానులో వీధి మలుపు దగ్గర, ఒకవైపే అచ్చయిన ప్రత్యేక సంచిక కొంటాడు. రేకుల్లా పడే మంచులో అక్షరాలు కనిపించక, ఏదో ఇంటి గుమ్మంలో దీపం వెలుతురు వెతుక్కుని నిలబడి చదువుతాడు. చరిత్ర అంతా ఆ తడిసిన కాగితంలో ఉంది.

తరవాత తాను ప్రేమించబోయే లారా ఉన్న గదిని అతను తొలిసారి చూసేది కూడా ఇలాగే. బండిలో వెళ్తూ, మంచు పేరుకున్న ఒక కిటికీ అద్దం మీద కొవ్వొత్తి వేడికి కరిగిన చిన్న మచ్చ చూస్తాడు. లోపల ఎవరున్నారో అతనికి తెలియదు. ఆ కొవ్వొత్తి నవల పొడుగునా వెలుగుతూనే ఉంటుంది, చివర్లో ఉన్న పాతిక కవితల్లో ఒకదానికి ప్రాణమవుతుంది. అయితే పాస్తర్నాక్ కవి. కథ నడపడం అతనికి రెండో పని. ఇంత పెద్ద దేశంలో ఒకరికొకరు తెలిసినవారే రైళ్లలో, ఆసుపత్రుల్లో, అడవుల్లో మళ్లీ మళ్లీ ఎదురవుతుంటే, యాదృచ్ఛికాలకు పేరుపడ్డ డికెన్స్ కూడా నయమనిపిస్తాడు. 1965 నాటి డేవిడ్ లీన్ సినిమా చూసి వచ్చినవారు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. సినిమాలో కథంతా అయిన ప్రేమ నవలలో చాలా ఆలస్యంగా కుదురుకుంటుంది.

షోలొహోవ్ నవల నాలుగు సంపుటాలుగా 1928, 1940 మధ్య వెలువడింది. 1912నుంచి 1922 దాకా డాన్ నది ఒడ్డున ఒక కసాక్కు ఊరి కథ. గ్రిగొరీ మెలెహోవ్‌కు పక్కింటి స్తెపాన్ భార్య అక్సీన్యా మీద మోహం. ఆమె కడవలతో నదినుంచి ఎక్కి వస్తుంటే, గుర్రాన్ని నీళ్లకు తోలుకెళ్తున్న అతను దారికి అడ్డంగా నిలిపి నవ్వుతాడు. ఊరంతా చూస్తుండగా మొదలైన ఈ సంబంధంలో సిగ్గు లేదు, కవిత్వం లేదు. అతనికి వేరే పెళ్లి చేస్తారు. ఆ పెళ్లికూతురు నతాల్యా కూడా అన్యాయానికి గురైన మనిషే. ఎవరి వైపూ పూర్తిగా నిలబడనివ్వకుండా షోలొహోవ్ మనల్ని ముగ్గురి మధ్యా తిప్పుతాడు. ఇందులో విప్లవం తెరమీద బొమ్మలా వెనకాల ఉండదు. జారు సైన్యంలో పతకాలు పొందిన గ్రిగొరీ విప్లవ పక్షపు ఎర్రసైన్యంలో చేరతాడు, వాళ్లమీదే తిరగబడిన కసాక్కులకు 1919లో నాయకుడవుతాడు, మళ్లీ ఎర్ర అశ్వికదళంలో పోరాడతాడు. అతను పక్షం మార్చిన ప్రతిసారీ అక్సీన్యాతో బతుకు మొదటికొస్తుంది. ప్రేమను విప్లవంనుంచి విడదీసి చెప్పడానికి వీలులేకుండా అల్లిన నవల ఈ ఆరింటిలో ఇదొక్కటే అని మొదట్లో అన్నది అందుకే.

ఒక చిన్న సంగతి. నవల మొదట్లో గడ్డి కోస్తూ గ్రిగొరీ కొడవలితో పొరపాటున ఒక అడవి బాతుపిల్లను రెండు ముక్కలు చేస్తాడు; ఇంకా వేడిగా ఉన్న ఆ పిల్లను అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోతాడు. ఆ చెయ్యే తరవాత పదేళ్లు ఏం చేయబోతుందో తెలిసిన పాఠకుడు, రెండోసారి చదివేటప్పుడు ఆ పేరా దగ్గర తప్పకుండా ఆగుతాడు.

రష్యా నవలలు రెంటిలోనూ పేర్లతో ఇబ్బంది ఉంది. యూరా, యూరీ ఆంద్రేయెవిచ్, జివాగో ముగ్గురూ ఒక్కరే. గ్రీష్కా అన్నా గ్రిగొరీ పంతెలేయెవిచ్ అన్నా ఒక్కడే. పుస్తకంలో పెట్టుకునే కాగితం ముక్క మీద మొదటి యాభై పేజీల్లో తగిలిన పేర్లు రాసుకుంటే ఆ తరవాత బాధ ఉండదు.

ఎవరికి ఏది

పాత నవలలు ఇప్పుడే మొదలుపెడుతున్నవారు, ప్రేమికుల మాటలు కాస్త చప్పగా ఉన్నా పరవాలేదు, కథ చేతిలోంచి దింపనివ్వకూడదనుకుంటే ‘రెండు మహానగరాలు’తోనే ప్రారంభించాలి. అది నచ్చితే రెండోదిగా ‘తొంభైమూడు’ చదవండి. ఒకే ఏడాదిని ఒక ఇంగ్లీషువాడూ ఒక ఫ్రెంచివాడూ ఎంత వేరుగా చూశారో తెలుస్తుంది. ఏడాదిపాటు ఒకే పుస్తకంతో కాపురం చేయగల ఓపిక ఉన్నవారికి ‘లే మిజరబ్ల’ సాటిలేని తోడు, కాని ప్రయాణాల్లో ముక్కలు ముక్కలుగా చదివేవారికి అది చెప్పను. కవిత్వం ఇష్టపడేవారికి, కథలో అతుకులు కనిపించినా క్షమించగలవారికి జివాగో. యువకులకన్నా, పెళ్లీ బాధ్యతలూ తెలిసిన వయసువారికి అది ఎక్కువగా అందుతుందని నా అనుభవం.

ప్రేమా కావాలి, విప్లవమూ కావాలి, ఏదీ పలచబడకూడదు అనేవారికి డాన్ నవల. దీన్ని కొనేటప్పుడు మాత్రం ఒకటి చూసుకోండి. స్టీఫెన్ గారీ ఇంగ్లీషు అనువాదం రెండు వేరువేరు పేర్లతో వచ్చింది: 1934లో ‘అండ్ క్వయట్ ఫ్లోస్ ద డాన్’, 1940లో ‘ద డాన్ ఫ్లోస్ హోమ్ టు ద సీ’. మొదటిది 1918 దగ్గర ఆగిపోతుంది. పేరు వేరు కావడంతో రెండోది వేరే నవల అనుకుని, గ్రిగొరీ, అక్సీన్యాల కథ అంతటితో అయిపోయిందని పుస్తకం అలమరలో పెట్టేసినవారు చాలామంది ఉన్నారు. రెండూ ఒకేసారి చేతిలో ఉన్నప్పుడే మొదలుపెట్టండి, లేదా నాలుగు సంపుటాలూ ఒకే పేరుతో ఉన్న ముద్రణ వెతుక్కోండి.